నాలుగు మెట్ల దూరము

ఏటేట వేసవి చివర తెలుగునాట ఇంటింట ఒకే చర్చ సాగుచుండును. ఇంటరు ముగించిన బిడ్డను ఏ కళాశాలలో చేర్చవలెను? డిగ్రీ చేతికి వచ్చినవాడు పై చదువునకు ఏ విశ్వవిద్యాలయమునకు పోవలెను? మార్కులు, ర్యాంకు, రుసుము, హాస్టలు భోజనము, చదువు ముగిసిన పిదప దొరకు కొలువు - వీనినన్నిటిని తూకము వేసి, చుట్టములను అడిగి, పంతుళ్లను అడిగి, తుదకు తల్లిదండ్రులు ఒక నిర్ణయమునకు వత్తురు. చక్రాల కుర్చీలో మెలగు విద్యార్థి ఇంట మాత్రము ఈ చర్చకు ముందు మరియొక చర్చ జరుగును. తరగతి గది ఏ అంతస్తులో ఉన్నది? గుమ్మము ముందు మెట్లెన్ని? మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పట్టునా? హాస్టలునుండి తరగతికి ఎంత దూరము? ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాత గాని అక్కడ ఏ శాస్త్రము చెప్పుదురు, ఎవరు చెప్పుదురు అను విచారణకు తావు లేదు.

పీలేరు ప్రాంతపు పల్లె ఒకదానియందు ఇట్టి బాలిక ఒకతె కలదనుకొందము. వెన్నెముకకు దెబ్బ తగిలి నడుము క్రింద బలము పోయినది. చేతులకు కొరత లేదు, తెలివికి అంతకన్నను లేదు. ఆమెకు వృక్షశాస్త్రమన్న మక్కువ. ఆ మక్కువ వింత కాదు. కంటికెదురుగ నిలిచిన శేషాచలపు కొండలు ఎర్రచందనమునకు పుట్టినిల్లు. 2010లో ఆ కొండలను జీవావరణ పరిరక్షణ మండలముగా ప్రకటించిరి. అట్టి కొండల నీడలో పెరిగిన పిల్ల చెట్టును గూర్చి చదువుదుననుటకంటె సహజమేమున్నది? కాని ఇరుగుపొరుగువారు చెప్పు హితవు వేరు. "ప్రయోగశాలలు, క్షేత్రపర్యటనలు నీకెందుకమ్మా? తెలుగో, చరిత్రయో తీసికొమ్ము. గదిలో కూర్చుండి చదువుకొను చదువులు అవి." తెలుగును వలచి తెలుగు శాఖకు వచ్చినవారిని చూచి సంతోషింపని అధ్యాపకుడుండడు. గత్యంతరము లేక వచ్చినచో అది ఆ పిల్లకును న్యాయము కాదు, తెలుగునకును గౌరవము కాదు.

తిరుపతి ఇట్టి సమస్యకు క్రొత్తది కాదు. కొండమీది దేవుని దర్శనమునకు అలిపిరినుండి మెట్లెక్కిపోవలెను; మెట్లు మూడువేల అయిదువందలకు పైబడి. నడువలేనివారి సంగతి ఏమి? పూర్వము డోలీలో కూర్చుండబెట్టి బోయీలు మోసికొని పోయెడివారు. 1944లో మొదటి కనుమదారి తెరచుకొన్నది. డోలీ వెనుకబడినది. వాహనములు పెరిగి ఆ దారి ఇరుకైనపుడు 1974లో రెండవ దారి వచ్చినది. నేడు వృద్ధులకును, వికలాంగులకును ప్రత్యేక దర్శనపు వేళ కలదు. ఈ చరిత్రలో గమనింపదగినది ఒకటి యున్నది. కొండ ఎక్కలేనివానికి భక్తి చాలదని ఎవరును అనలేదు. దారి చాలదని గ్రహించి దారి వేసిరి. కొండ విషయమున ఇంత చక్కగా తోచిన ఆలోచన, కొండ దిగువనున్న విద్యాలయముల విషయమున ఎందుకు ఆలస్యముగా తోచినదో తర్కింపవలసియున్నది.

అసలు రాయలసీమకు విశ్వవిద్యాలయము వచ్చుటయే దూరమును గూర్చిన వివాదము వలన. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో ఏర్పడినది. అది తుదకు వాల్తేరులో స్థిరపడినపుడు చిత్తూరు, కడప, అనంతపురములవారికి ఆ మేలు అందరానంత దూరమైనది. 1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికయందు నీటిపారుదలతోపాటు విశ్వవిద్యాలయపు ముచ్చటయు చేరుటకు కారణమిదే. ఆంధ్ర విశ్వవిద్యాలయపు కేంద్రము ఒకటి అనంతపురమునందు నెలకొల్పవలెనని ఆనాటి పెద్దలు వ్రాసికొనిరి. ఆంధ్రరాష్ట్రము అవతరించిన మరుసటి యేడు, 1954లో, తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. సీమ బిడ్డకు చదువు అందకపోవుటకు కారణము వాని బుద్ధి కాదు, దూరమే యని ఆనాడు అందరును ఒప్పుకొనిరి. ఆ వాదమునే ఒక అడుగు ముందునకు తీసికొనిపోయినచో నేటి విషయము తేటపడును. వందల మైళ్ల దూరమును తొలగించితిమి. మెట్ల దూరము మిగిలియున్నది.

ఆ తరువాత తిరుపతి పరిసరములు విద్యాక్షేత్రముగా విస్తరించినవి. 1983లో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము వచ్చినది. సంస్కృత విద్యాపీఠము 1987లో విశ్వవిద్యాలయ స్థాయి నంది, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైనది. పశువైద్యమునకు, వేదవిద్యకు వేరువేరు విశ్వవిద్యాలయములు కలవు. 2015లో ఐ.ఐ.టి., విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థయగు ఐసర్ రెండును తిరుపతికి వచ్చి, శ్రీకాళహస్తి మార్గమున ఏర్పేడు దిక్కున తమ ప్రాంగణములు కట్టుకొన్నవి. పడమట మూడు రాష్ట్రములు కలియు మూలన, కుప్పమునందు 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. ఇన్ని విద్యాలయములు ఒక్కచోట నుండుట ఏ విద్యార్థికైనను భాగ్యమే. అయితే చక్రాల కుర్చీ విద్యార్థికి ఇవి రెండు జాతులుగా కనబడును: 1995కు పూర్వము కట్టిన భవనములు, తరువాత కట్టినవి.

ఆ సంవత్సరమునకు కారణము కలదు. వికలాంగుల హక్కులను గూర్చి సమగ్రమైన చట్టము మన దేశమున మొదట వచ్చినది 1995లోనే. అంతకుముందు భవనము కట్టువారికి ఈ చింత ఉండవలెనని ఎవరును చెప్పలేదు. పైగా మన పనితనమునందు ఎత్తు గౌరవమునకు గుర్తు. ఇంటికి అరుగు ఎత్తుగా నుండవలెను, గుడికి మెట్లుండవలెను, విద్యాలయమునకు విశాలమైన సోపానపంక్తి యుండవలెను. దీనికి వాన కూడ ఒక కారణమే. చిత్తూరు సీమకు ఈశాన్య ఋతుపవనము ముఖ్యము; అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కొండలనుండి నీరు ఒక్కసారి దిగివచ్చును. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైన సంగతి ఎవరును మరువలేదు. నేల నెత్తుచేసి కట్టిన పాత మేస్త్రీ తెలివితక్కువవాడు కాడు. అతడు నీటిని చూచెను, కుర్చీని చూడలేదు.

ఇప్పుడు వాలుదారి లెక్క చూడుడు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో పిల్లలచేత చేయింపవచ్చును. కుర్చీలో కూర్చున్నవాడు తన చేతులతో తానే త్రోసికొని ఎక్కవలెనన్నచో ఒక వంతు ఎత్తునకు పండ్రెండు వంతుల పొడవు కావలెనని ప్రమాణము. మెట్టు ఒక్కింటికి 15 సెంటీమీటర్ల వంతున నాలుగు మెట్లు 60 సెంటీమీటర్లు. దానిని పండ్రెండుచే గుణించినచో 7 మీటర్ల 20 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు ఇరువదినాలుగడుగులు. క్రిందను, మీదను కుర్చీ నిలుచుటకు, తిరుగుటకు ఒకటిన్నర మీటరు చదును వేరుగా కావలెను. అయితే అనేక కార్యాలయముల ముందు, పాఠశాలల ముందు మనకు కనబడు వాలుదారి పొడవెంత? ఆరడుగులో, ఏడడుగులో. తనిఖీకి వచ్చు అధికారికి చూపుటకు అది చాలును. కుర్చీవాడు తనంతట ఎక్కబోయినచో ముందుచక్రములు లేచి వెనుకకు పడును. ఇద్దరు త్రోయవలెను, దిగునప్పుడు ఇద్దరు పట్టుకొనవలెను. సైకిళ్లు నిలుపుటకు మాత్రము అది మిక్కిలి అనుకూలము. వాలుదారి ఉన్నదా యని అడిగినచో "ఉన్నది" అను జవాబు వచ్చును. అది అబద్ధము కాదు, ఉపయోగమును లేదు. ఎంత పొడవని అడుగవలెను.

వాలుదారి లేనిచోట వినవచ్చు మాట మరియొకటి యున్నది. "నాలుగే మెట్లు గదా సార్, పిల్లలు ఎత్తుకొని పోతారు." ఈ మాట చెప్పువారు చెడ్డవారు కారు. నిజమునకు పిల్లలు ఎత్తుకొని పోదురు కూడ. మన కళాశాల విద్యార్థులలో అంతటి సహృదయత కలదు. కాని ఆ మోయబడు విద్యార్థి దిక్కునుండి చూడవలెను. గంట మ్రోగిన ప్రతిసారి నలుగురి కొఱకు ఎదురుచూడవలెను. గ్రంథాలయమునకు పోవలెనన్న బుద్ధి పుట్టినపుడు పోవుటకు వీలులేదు, మోయువారికి తీరిక దొరకినపుడే పోవలెను. మిత్రునితో తగవు పడుటకు గూడ స్వాతంత్ర్యము లేదు, ఏలయన రేపు మెట్లమీదికి మోయవలసినవాడు అతడే. ఇక మోయబడునది ఆడపిల్లయైనచో ఆ ఇబ్బంది వివరింప నక్కఱలేదు. అట్టి ఇండ్లలో తల్లియే కూడ వచ్చి, తరగతి బయట చెట్టుక్రింద సాయంకాలము వఱకు కూర్చుండును. కూలికి పోవు తల్లియైనచో ఒక డిగ్రీకి మూడేండ్ల కూలి నష్టము. ఈ వ్యయము ఏ రుసుము పట్టికలోను చేరదు, ఏ ఉపకారవేతనమును దానిని తీర్చదు.

మరుగుదొడ్డి విషయము పత్రికలలో వ్రాయుటకు పలువురు సంకోచింతురు. సంకోచించుటచేతనే అది సరికాలేదు. కుర్చీ లోనికి పోవుటకు తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పు కావలెను. తలుపు బయటికి తెరచుకొనవలెను. లోపల కుర్చీ తిరుగుటకు చోటు, గోడకు పట్టుకొమ్ములు కావలెను. ఇవి లేనిచోట విద్యార్థిని చేయునదేమనగా, తెల్లవారినది మొదలు నీరు త్రాగదు. చిత్తూరు సీమ ఎండలో నీరు త్రాగకుండుట ఎవరికైనను కీడు. వెన్నెముక దెబ్బతిన్నవారికి మూత్రకోశపు వ్యాధులు ముందే పొంచియుండును గనుక వారికి అది ప్రాణాపాయము వఱకు పోగలదు. కావున ఏ విశ్వవిద్యాలయము మంచిదని అడుగువారికి మొదటి జవాబు తరగతి గదిలో గాక ఈ చిన్న గదిలో దొరకును. గది ఉండుటయు చాలదు. దానికి తాళము వేసి, తాళపుచెవి కార్యాలయమున ఎవరియొద్దనో ఉంచినచో ఆ గది లేనట్లే.

చట్టము ఏమి చెప్పుచున్నది? 1995 నాటి చట్టము స్థానమున 2016లో దివ్యాంగుల హక్కుల చట్టము వచ్చి, 2017 ఏప్రిలు 19నుండి అమలులో ఉన్నది. పేరును గూర్చి ఒక మాట. కుంటివాడు, అవిటివాడు అను మాటలు పోయి వికలాంగుడు వచ్చినది. వికలాంగుడు పోయి విభిన్న ప్రతిభావంతుడు వచ్చినది. ఆపైన దివ్యాంగుడు వచ్చినది. భాష మర్యాద నేర్చుట మంచిదే. అయితే పేరు ఎత్తు పెరిగినంత త్వరగా గుమ్మపు ఎత్తు తగ్గలేదు. చట్టమునకు వత్తము. వైకల్యము నలువది శాతము మొదలుకొని ధ్రువపడినవారికి - మన రాష్ట్రమున ఈ ధ్రువపత్రమునే జనులు సదరం సర్టిఫికెట్టు అందురు - ఉన్నత విద్యయందు నూటికి అయిదు సీట్లకు తక్కువ గాకుండ కేటాయింపవలెను. వయఃపరిమితియందు అయిదేండ్ల సడలింపు కలదు. ఇది ప్రభుత్వ సంస్థలకును, ప్రభుత్వ సహాయము పొందువానికిని వర్తించును. చిత్తూరు, తిరుపతి జిల్లాలలో ఇంజనీరింగు కళాశాలలలో పెక్కు సహాయము పొందని ప్రైవేటు సంస్థలన్న సంగతి ఇచట గుర్తుంచుకొనవలెను. కాని భవనములు, ప్రాంగణములు అందుబాటుగా నుండవలెనన్న విధి అంతటితో ఆగదు. ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థలన్నిటికిని అది వర్తించును. ఈ రెండింటి భేదము తెలియక పలువురు తల్లిదండ్రులు "ప్రైవేటువారిని అడుగుటకు మనకేమి హక్కు" అని వెనుదీయుదురు. సీటు అడుగుటకు హక్కు లేకపోవచ్చును. వాలుదారి అడుగుటకు ఉన్నది.

సీటు, మెట్టు - ఈ రెండింటిని చట్టము కలిపి చెప్పినను, అమలు విడదీసినది. సీటు కాగితముమీది లెక్క. ప్రవేశపు కౌన్సెలింగులో అది తేలికగా లెక్కకు వచ్చును. మెట్టు సిమెంటు, ఇసుక, ధనము కోరును. అందుచేత సీటు దొరికి, గదిలోనికి దారి దొరకని విద్యార్థులు ఏర్పడిరి. 2017 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఒక్కరోజుననే రెండు తీర్పు లిచ్చినది. ఒకటి విద్యాసంస్థలను గూర్చినది: అయిదు శాతపు సీట్లు నింపవలెననియు, ప్రాంగణములు అందుబాటుగా చేయవలెననియు. రెండవది ప్రజాభవనములను, రవాణాను గూర్చి చూపులేని న్యాయవాది యొకడు తెచ్చిన వ్యాజ్యమునందు. పాత భవనములను సరిచేయుటకు చట్టమిచ్చిన గడువు, నియమావళి వెలువడిన నాటినుండి అయిదేండ్లు. నియమావళి 2017 జూనులో వెలువడినది. గడువు 2022 జూనుతో తీరినది. తీరిన తరువాత ఏమి జరిగినదని న్యాయస్థానము హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమును విచారింపుమని కోరినది. తెలుగునాటి పండితులు తయారుచేసిన ఆ నివేదికను ఆధారము చేసికొని 2024 నవంబరు 8న వచ్చిన తీర్పు ఒక విచిత్రమును బయటపెట్టినది. చట్టము "చేయవలెను" అనినది; దానిక్రింది నియమము మాత్రము సలహాల సంపుటములను చూపి ఊరకున్నది. సలహాను పాటింపనివానిని శిక్షించుట ఎట్లు? ఆ నియమము చట్టమునకు విరుద్ధమని కొట్టివేసి, విధిగా పాటింపవలసిన ప్రమాణములను మూడు నెలలలో నిర్ణయింపుమని కేంద్రప్రభుత్వమును న్యాయస్థానము ఆదేశించినది. వ్యాకరణము చదివినవారికి ఇది చక్కని ఉదాహరణము: విధ్యర్థకమునకును, ప్రార్థనార్థకమునకును గల భేదముపైన దేశమునందలి భవనముల గతి ఆధారపడియుండెను.

ఎక్కడనో అమెరికాలో జరుగు సంగతులు మనకు సాధ్యమా యని కొందరు అడుగుదురు. అమెరికా ముచ్చట తరువాత. చిత్తూరునుండి బస్సెక్కినచో గంట ప్రయాణముననే వేలూరు. అచటి క్రైస్తవ వైద్య కళాశాలయందు మేరీ వర్గీస్ అను యువ వైద్యురాలు 1954లో మోటారు ప్రమాదమున వెన్నెముక దెబ్బతిని నడక కోల్పోయినది. తిరుపతికి విశ్వవిద్యాలయము వచ్చినదియు ఆ యేడే. ఆమె చదువు వృథాయైనదని లోకము తలచినచో తప్పు లేదు. కాని కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు చేయు శస్త్రచికిత్స కూర్చుండియే చేయదగినది. డాక్టరు పాల్ బ్రాండ్ ప్రోత్సాహమున ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండి ఆ శస్త్రచికిత్సలు చేసినది. పిదప ఆస్ట్రేలియాకును, న్యూయార్కునకును పోయి పునరావాస వైద్యము నేర్చి వచ్చినది. 1966లో వేలూరునందు వెన్నెముక దెబ్బతిన్నవారికై పునరావాస నిలయము తెరచుకొన్నది ఆమె కృషివలన. 1972లో పద్మశ్రీ వచ్చినది. ఇది గతించి డెబ్బదియేండ్లయినను, వైద్యవిద్యకు రెండు చేతులును సంపూర్ణముగా నుండి తీరవలెనన్న నిబంధనతో కండరముల క్షీణతగల విద్యార్థియొకడు పోరాడి, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టునుండి వైద్యకళాశాల ప్రవేశము పొందవలసివచ్చినది. వైకల్యపు శాతము చూచి గాక, చదువగలడా లేదా యని విద్యార్థిని పరీక్షించి నిర్ణయింపవలెనని న్యాయస్థానము ఆ నెలలోనే చెప్పినది.

ఇక అమెరికా. రెండవ ప్రపంచయుద్ధమునుండి గాయపడి వచ్చిన సైనికుల కొఱకు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయము 1948లో గేల్స్‌బర్గు అను ఊర నొక ఏర్పాటు చేసినది. మరుసటి యేడు ఆ శాఖ మూతపడగా, టిమతీ నూజెంట్ అను అధ్యాపకుడు పట్టువిడువక ఆ ఏర్పాటును అర్బానా ప్రాంగణమునకు తరలించెను. వాలుదారులు వచ్చినవి, ఎత్తుయంత్రమున్న బస్సులు వచ్చినవి. ఫలితమేమి? దేశము నలుమూలలనుండి కుర్చీ విద్యార్థులు ఆ యొక్క చోటికే రాసాగిరి. ఇది కీర్తియే, అయితే అచటికి పోవుట ఎన్నిక యనిపించుకొనునా? తక్కిన తలుపులు మూసియుండగా తెరచిన ఒక్క తలుపును దూరుట అది. 1962లో ఎడ్ రాబర్ట్స్ అను విద్యార్థి మాత్రము తనకు కావలసిన చదువు బర్క్‌లీలో ఉన్నదని అక్కడికే పోయెను. పోలియోవలన అతడు రాత్రులు ఊపిరి కొఱకు ఇనుపపెట్టెవంటి యంత్రములో పండుకొనవలెను. హాస్టలులో ఆ యంత్రము పట్టలేదు. విశ్వవిద్యాలయపు వైద్యశాలలోనే గది ఇచ్చిరి. అతని వెంట మరికొందరు వచ్చిరి, ఊరి కాలిబాటలు సయితము మారినవి. ఇతడు ఉద్యోగమునకు పనికిరాడని మునుపు తేల్చిన రాష్ట్ర పునరావాస శాఖకు 1975లో అతడే అధిపతి అయ్యెను.

మన పీలేరు బాలికకు కావలసినది బర్క్‌లీ దారియా, ఇల్లినాయ్ దారియా? తిరుపతియందు రెండవదియే తొలుత సాధ్యముగా తోచును. క్రొత్తగా కట్టిన ప్రాంగణములకు లిఫ్టులు, చదునైన దారులు ఆదినుండియే ఏర్పరచుకొను సావకాశము కలదు. డెబ్బది యేండ్ల భవనములున్న ప్రాంగణమునకు అది లేదు. కాని క్రొత్త సంస్థలలో ప్రవేశమునకు జాతీయపరీక్షలు దాటవలెను. అచట చెప్పు శాస్త్రములు కొన్నియే. తెలుగు మాధ్యమమున చదివిన పల్లెటి విద్యార్థికి అందునవి పాత ప్రాంగణములే, ఆమె కోరు శాస్త్రములున్నవియు అచటనే. కనుక పాత భవనములు మారక తప్పదు. మొత్తము ప్రాంగణమును ఒక్కయేట మార్చుట ధనముతో కూడిన పని యనుట నిజమే. ఒక తరగతిలో కుర్చీ విద్యార్థిని చేరినచో ఆ తరగతిని క్రింది అంతస్తునకు దింపుటకు మాత్రము రూపాయి ఖర్చు లేదు. కాలపట్టికలో ఒక గీత కొట్టిన చాలును. ప్రయోగశాలలో నిలుచుండువారికై కట్టిన ఎత్తైన బల్లల ప్రక్కన, మోకాళ్లు క్రిందికి దూరునట్టి మామూలు బల్ల ఒకటి వేయుటకు వడ్రంగి ఒక పూట పని. సముచిత సదుపాయము అని చట్టము చెప్పునది ఇట్టివానినే.

దూరవిద్య యున్నది గదా, ఇంటనే కూర్చుండి చదువవచ్చును గదా అను మాటకు వత్తము. భారతదేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదునందు వెలసినదని తెలుగువారు గర్వింపవచ్చును. ఇప్పుడు అంబేద్కరు పేరుతో ఉన్నది అదియే. ఉద్యోగము చేయుచు చదువగోరువారికి, చదువు నడుమ విడిచిన గృహిణులకు అది చేసిన మేలు ఇంత అంత కాదు. కాని పదునెనిమిదేండ్ల పిల్లకు దానిని హితవుగా చెప్పుట వేరు విషయము. విశ్వవిద్యాలయమనగా పాఠముల మూట మాత్రమే కాదు. గ్రంథాలయమున వెదకని పుస్తకము చేతికి తగులుట, ప్రక్క శాఖవారి ఉపన్యాసము విందమని పోవుట, ఫలహారశాలలో గంటలకొలది వాదించుట - చదువులో సగము ఈ విధముగనే వచ్చును. ఇల్లు దాటని పిల్లను ఇల్లు దాటనీయని చదువు చదివించి, చదివించితిమని లెక్క వ్రాసికొనుట తగదు.

మరియొక మార్పును ఉపాధ్యాయులు గమనింపవలెను. పూర్వము మన పల్లెలలో వైకల్యమనగా పోలియోయే. కాలికి ఇనుపపట్టెడలు, చంకలో కర్ర. తిరుపతిలోని బర్డ్ ఆసుపత్రి 1985నుండి అట్టి బిడ్డలకు శస్త్రచికిత్సలు చేసి ఎందరినో నిలువబెట్టినది. కర్రతో నడచువాడు శ్రమపడియైనను మెట్లెక్కును. అందుచేత విద్యాలయములు మెట్లను అట్లే ఉంచి పట్టుకొమ్ము ఒకటి పెట్టి తృప్తిపడినవి. దేశమున చివరి పోలియో కేసు 2011 జనవరిలో కనబడినది. 2014 మార్చిలో దేశము పోలియో రహితమని ప్రకటింపబడినది. ఇకమీదట కళాశాలకు వచ్చువారిలో మోటారు ప్రమాదములందు వెన్నెముక విరిగినవారు, కండరముల క్షీణతగలవారు, పుట్టుకతోడనే మస్తిష్క పక్షవాతము వచ్చినవారు ఎక్కువగా నుందురు. వీరిలో పెక్కుమందికి కర్ర చాలదు, కుర్చీయే కావలెను. పాత వైకల్యమునకు తగిన పట్టుకొమ్ము క్రొత్త విద్యార్థికి పనికిరాదు.

ఇంటరు చదువు పిల్లకు ఈ విషయమున మొదటి సలహాదారు ఆమె పాఠశాల పంతులే. ఆయన మాటపైన తండ్రికి గురి. వెబ్ ఆప్షన్లు పెట్టు నాటికి తీరిక చిక్కదు. రెండుమూడు దినములలో నూరు కళాశాలల పేర్లు వరుస పెట్టవలెను. ఆ వరుస అంతకు ఆరునెలల ముందే సిద్ధము కావలెను. దానికి ప్రాంగణమునకు పోయి చూచుటకంటె వేరు మార్గము లేదు. బాలికను, ఆమె కుర్చీని కూడ తీసికొనియే పోవలెను. నడువగలవాని కంటికి గడప కనబడదు, రెండంగుళముల గడప సయితము చక్రమునకు గోడయే. శాఖాధ్యక్షునితో మాటాడుటకంటె ముందు ఆ శాఖలో చదువు విద్యార్థులతో మాటాడవలెను. లిఫ్టు ఉన్నదా యని గాక నిన్న నడచినదా యని అడుగవలెను. విశ్వవిద్యాలయమున సమానావకాశముల విభాగము ఉన్నచో దాని అధికారి ఎవరో, ఏ గదిలో ఉందురో తెలిసికొనవలెను. ఆ గది మేడమీద ఉన్నచో వేరు ప్రశ్న అడుగ నక్కఱలేదు. అంగీకరించిన సదుపాయములను వ్రాతమూలముగా తీసికొనవలెను. భాకరాపేట కనుమ దిగి వచ్చు బస్సు మెట్లు ఎంత ఎత్తో, ఊరినుండి ప్రాంగణమునకు ఆటోలో కుర్చీని మడిచి పెట్టుటకు వీలగునో లేదో ఆ ప్రయాణముననే తేలును. జూనులో ప్రవేశపు సందడిలో పోవుటకంటె నవంబరులో పోవుట మేలు. అప్పుడు వానకు ఏ దారి మునుగునో, హాస్టలునుండి తరగతికి పోవు బాటలో ఏ చోట బురద నిలుచునో, చక్రము ఎక్కడ దిగబడునో కంటికి తెలియును.